ఒక పందెం – రెండు సర్వనామాలు

తెలుగు వ్యాకరణం బోధించేవారికి ప్రతి సంవత్సరం తరగతిలో ఎదురయ్యే ప్రశ్న ఒకటున్నది. ఉత్తమ పురుష బహువచనానికి తెలుగులో 'మేము', 'మనము' అని రెండు రూపాలెందుకు? సంస్కృతానికి 'వయమ్' ఒక్కటే చాలినది. ఆంగ్లానికి 'వుయ్' చాలినది. మన విద్యార్థులలో చాలామంది ఇంట మాట్లాడే ఉర్దూకు 'హమ్' చాలినది. తెలుగువాడికి మాత్రం ఈ రెండవ మాట ఎందుకు కావలసి వచ్చినది? వినేవాడిని విడిచిపెట్టి చెప్పేది 'మేము', వినేవాడిని కలుపుకొని చెప్పేది 'మనము' అని నల్లబల్ల మీద వ్రాసి, రెండు ఉదాహరణలిచ్చి, ముందుకు సాగిపోవడం మాకు అలవాటు. ఆ భేదం ఎంత బరువైనదో మాకు బోధపడినది తరగతి గదిలో కాదు. 2022 ఆగస్టులో ఒక ఆదివారం ఉదయం, హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డు పక్కన, సైకిలు మీద బోధపడినది.

ఇంతవరకు 'మేము' అన్నది అధ్యాపకుల అలవాటు కొద్దీ వాడిన మాట. ఇక మీదట అది ఆరుగురికి చెందినది. మా సైకిలు క్లబ్బు చిన్నది. ఆనాటి ఔత్సాహికుల పందెంలో దిగినవారము ఆరుగురము. ఒకరు బ్యాంకు ఉద్యోగి, ఇద్దరు సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లు, ఒకరు ఈ వ్యాసకర్త. అయిదవవాడు అప్పట్లో మన కళాశాలలోనే బి.కాం. రెండవ సంవత్సరం చదువుతుండిన పందొమ్మిదేళ్ళ కుర్రవాడు. చిన్ననాటి నుంచి తెల్లవారుజామున ఇంటింటికీ దినపత్రికలు వేసిన కాళ్ళు అతనివి. ఆరవవారు సైకిలు రిపేరు దుకాణం నడిపే యాభై యేండ్ల పెద్దమనిషి. కుర్రవాడు ఆయనను 'చాచా' అనేవాడు. తక్కినవారము 'భాయ్' అనేవారము. ఆయన మాత్రం మమ్ములను 'సాబ్' అనే పిలిచేవారు. ఈ సంబోధనలలోని ఎత్తుపల్లాలను ఆనాడు మేము గమనించలేదు.

కుర్రవాని సైకిలు కూడ భాయ్ చేతి చలువే. ఒక పాత ఫ్రేముకు వేర్వేరు చోట్ల సేకరించిన చక్రాలూ గేర్లూ బిగించి, రంగు వేసి, రంజాన్ పండుగకు ముందు రోజు అతని చేతికిచ్చారు. డబ్బు సంగతి ఎత్తితే, "గెలిచి ఇద్దువులే" అన్నారట.

సైకిలు పందెం ఎరుగని విద్యార్థుల కోసం ఒక మాట చెప్పాలి. ఈ పందెంలో అసలు ప్రత్యర్థి పక్కవాడు కాదు, గాలి. చదునైన రోడ్డు మీద వేగం గంటకు 30 కి.మీ. దాటిన తరువాత తొక్కేవాడి శ్రమలో ముప్పాతిక వంతు గాలిని చీల్చుకొని పోవడానికే ఖర్చవుతుంది. గాలి చూపే నిరోధం వేగపు వర్గాన్ని బట్టి, దానిని ఎదుర్కొనడానికి కావలసిన శక్తి వేగపు ఘనాన్ని బట్టి పెరుగుతాయి. అనగా వేగం రెండింతలు కావాలంటే గాలితో పోరాడే శక్తి ఎనిమిదింతలు కావాలి. అయితే ముందు పోయేవాడి చక్రానికి మూరెడు దూరంలో అంటిపెట్టుకొని పోయేవాడికి ఆ శ్రమలో నాలుగవ వంతు మొదలు మూడవ వంతు వరకు తగ్గుతుంది. కనుకనే ఒక జట్టువారు వరుస కట్టి, ఒకరి తరువాత ఒకరు ముందుకు వచ్చి, కొద్దిసేపు గాలిని తమ రొమ్ము మీద కాచి, పక్కకు తొలగి, వరుస చివరకు చేరుకుంటారు. చివరి రెండు వందల మీటర్లలో ఒక్కడే దూసుకొని పోతాడు. పేరు అతనిది. గాలి కాచినవారి పేర్లు ఫలితాల పట్టికలో ఎక్కడో అడుగున ఉంటాయి.

పూర్వం ఇట్లా ఉండేది కాదు. ఫ్రాన్సు దేశాన్ని చుట్టివచ్చే ప్రఖ్యాత పందెం 1903లో మొదలైనప్పుడు ప్రతివాడూ తన పాట్లు తానే పడాలన్నది నియమం. 1913లో యూజీన్ క్రిస్టోఫ్ అనే పోటీదారుకు పిరెనీ పర్వతాలలో సైకిలు ముందు ఫోర్కు విరిగినది. ఆయన సైకిలు భుజాన వేసుకొని మైళ్ళ కొద్దీ నడిచి, ఒక గ్రామంలో కమ్మరి కొలిమి వద్ద తన చేతులతోనే దానిని అతికించుకొన్నాడు. ఒక బాలుడు తిత్తి ఊదినందుకు అధికారులు ఆయనకు శిక్షగా కాలం కలిపారు. తరువాత కాలం మారినది. 1934లో అదే పందెంలో ఇరవై యేండ్ల రెనె వియెత్తో తన జట్టు నాయకుడు ఆంతొనిన్ మాన్య చక్రం చెడిపోతే తన చక్రం విప్పి ఇచ్చి, రోడ్డు పక్కన రాతి గోడ మీద కూర్చుండిపోయాడు. ఆ ఛాయాచిత్రం ప్రపంచ ప్రసిద్ధమైనది. మర్నాడు నాయకుని సైకిలు మళ్ళీ చెడిపోతే, ముందు పోతున్నవాడు కాస్తా వెనుదిరిగి, కొండ ఎదురెక్కి వచ్చి తన సైకిలే ఇచ్చివేశాడు. పందెం మాన్య గెలిచాడు. వియెత్తో అయిదవ స్థానంలో నిలిచాడు.

ఈ కథను మేము టీ కొట్టు వద్ద కుర్రవానికి ఎన్నోసార్లు చెప్పాము. చెప్పినప్పుడల్లా మా కళ్ళు చెమర్చేవి. కథ చెప్పడం సులభం.

మా పందెం శంషాబాదు దాటిన తరువాత, ఔటర్ రింగు రోడ్డు వెంట తుక్కుగూడ వైపు సాగే సర్వీసు రోడ్డు మీద. తూర్పుకు 15 కి.మీ. పోయి మలుపు తిరిగి రావాలి. అట్లా రెండుసార్లు, మొత్తం 60 కి.మీ. ఆగస్టు నెలలో మన ప్రాంతాన వీచేది పడమటి గాలి. పోయేటప్పుడు అది వీపు మీద చేయి వేసి తోసినట్లుంటుంది; తిరిగి వచ్చేటప్పుడు ఎదురుగా గోడ కట్టినట్లుంటుంది. వెంట వచ్చే బండి లేదు. ఎవరి ట్యూబు, ఎవరి పంపు వారే మోసుకోవాలి. బయలుదేరే ముందు భాయ్ అందరి చక్రాలూ తిప్పి చూశారు, బ్రేకులు నొక్కి చూశారు. తన దగ్గరి కొత్త ట్యూబును కుర్రవాని చొక్కా వెనుక జేబులో దోపి, తాను ప్యాచ్ ముక్కలు, సొల్యూషన్ గొట్టం మాత్రం ఉంచుకొన్నారు. "నాకేం, నేను నీళ్ళ తొట్టి లేకుండానే పంక్చరు కనిపెడతాను" అని నవ్వారు.

మొదటి చుట్టులో ఎదురుగాలిని ఎక్కువ భాగం కాచినది ఆయనే. మా వంతు ముప్పై సెకండ్లయితే ఆయన వంతు రెండు నిమిషాలు. మోచేయి కదిపి "రండి" అని మేము ముందుకు వచ్చేందుకు సైగ చేయవలసినవారు, చేయకుండానే తొక్కుకుంటూ పోయారు. రెండవ చుట్టు మలుపు తిరిగేసరికి ముందు గుంపులో ఇరవై మంది మిగిలారు. వారిలో మేము ఆరుగురమూ ఉన్నాము. మా క్లబ్బు చరిత్రలో అది మొదటిసారి.

మలుపు దాటి రెండు కిలోమీటర్లు వచ్చామో లేదో, 'సుస్'మన్న శబ్దం వినవచ్చినది. లారీ టైర్ల నుంచి రాలిన సన్నని ఇనుప తీగ ముక్కలు ఆ రోడ్డు మీద కంటికి కనిపించవు. భాయ్ వెనుక చక్రం కూలబడినది. ఆయన చేయి ఎత్తి, ఎవరికీ తగలకుండా నేర్పుగా అంచుకు తొలగి, "చలో, చలో! రుకో మత్!" అని కేక వేశారు. ఆగవద్దు, పొండి అని.

మేము ఆగలేదు.

ఈ వాక్యాన్ని ఎన్నిసార్లు వ్రాసినా అందులో కర్త ఎవరో తేలడం లేదు. ఆగవద్దని మాలో ఎవరూ ఎవరికీ చెప్పలేదు. ఆగుదామని కూడ ఎవరూ అనలేదు. ప్రతివారమూ పక్కవాడు అంటాడేమోనని చూశాము. లెక్క అందరికీ తెలిసినదే. ట్యూబు మార్చడానికి చేయి తిరిగినవారికైనా నాలుగైదు నిమిషాలు పడుతుంది. ఆ లోగా గుంపు రెండు మూడు కిలోమీటర్లు సాగిపోతుంది. అయిదుగురము ఆగితే అయిదుగురమూ ఓడినట్లే. ఈ లెక్కలో తప్పు లేదు. అయితే అయిదుగురమూ ఆగనక్కరలేదు గదా! ఒక్కరు ఆగినా చాలు. ఆ క్షణాన భాయ్ చక్రానికి అందరికంటె దగ్గరగా ఉన్నవాడు ఈ వ్యాసకర్త. అందరిలోకి బలహీనుడు కూడ అతడే; వరుసలో అతడున్నా లేకున్నా పెద్ద తేడా లేదు. జేబులో ట్యూబు కూడ ఉన్నది. అతడు ఆగలేదు. 'మేము' అన్న మాట చాటున దాగడం అంత సులభమని అతనికి అంతకు ముందు తెలియదు.

చివరి పదమూడు కిలోమీటర్లు ఆ గాలిలో ఎట్లా వచ్చామో గుర్తు లేదు. గాలి కాచే మనిషి లేకపోవడం అడుగడుగునా తెలిసినది. గమ్యం రెండు కిలోమీటర్ల దూరం ఉందనగా నలుగురమూ అలసిపోయాము. అందాక దాచుకొన్న కుర్రవాడే స్వయంగా ముందుకు వచ్చి గాలిని ఎదుర్కొనవలసి వచ్చినది. అయినా ఆఖరి క్షణంలో లేచి నిలబడి తొక్కాడు. అర చక్రం తేడాతో రెండవవాడైనాడు.

అరుపులు, చప్పట్లు. ఎవరో మా అయిదుగురినీ భుజాల మీద చేతులు వేయించి ఛాయాచిత్రం తీశారు. నీళ్ళు త్రాగి, ముఖం తుడుచుకొనడానికి చేతి రుమాలు కోసం కుర్రవాడు వెనుక జేబులో చేయి పెట్టాడు. చేతికి ట్యూబు వచ్చినది. కాగితపు పట్టీ కూడ చెదరని కొత్త ట్యూబు. అతడు దానివంక ఒక క్షణం చూసి, ఎవరితోనూ మాట్లాడకుండా సైకిలు తిప్పి వచ్చిన దారినే బయలుదేరాడు. మేము అతని వెనుక బయలుదేరాము. అప్పుడు గాలి మమ్ములను వెనుక నుంచి తోసినది.

భాయ్ ఆగిన చోటనే ఉన్నారు. తన చక్రం ఎప్పుడో బాగుపడి చెట్టుకు ఆనించి ఉన్నది. ఆయన ఒళ్ళో ఉన్నది మరొకరి చక్రం. తనది అతికించుకొని లేవబోతుండగా, అదే తీగ ముక్కల బారినపడి వేరే క్లబ్బు కుర్రవాడొకడు నడుచుకుంటూ వచ్చాడట. అతడి తరువాత మరొకడు. ప్యాచ్ ముక్కలు అయిపోతే పాత ట్యూబు కత్తిరించి, గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ పూసి అతికిస్తున్నారు. ఆ ఇద్దరూ చేతులు కట్టుకొని ఆయన ముందు కూర్చుని ఉన్నారు.

క్షమించమని అడగాలనే అనుకొన్నాము. నోటికి వచ్చినది వేరు. "భాయ్, హమ్ దూస్రే నంబర్ పే ఆయే" అన్నాడు ఈ వ్యాసకర్త. రెండవ స్థానంలో వచ్చాము అని. ఆ 'హమ్' లో భాయ్ ఉన్నారో లేరో తేల్చకుండా చెప్పే సౌకర్యం ఉర్దూలో ఉన్నదని, ఆ క్షణాన దానిని వాడుకున్నామని, మాట నోట దాటిన తరువాతనే తెలిసినది.

ఆయన తలయెత్తి చూశారు. ముఖమంతా వెలిగినది. "అపన్ దూస్రే నంబర్ పే ఆయే? షాబాష్!" అన్నారు.

దక్కనీ ఎరిగినవారికి ఈ మాట విప్పి చెప్పనక్కరలేదు. ఎరుగనివారి కోసం చెప్పాలి. పుస్తకాల ఉర్దూలో ఒక్క 'హమ్' తో సరిపెట్టుకొన్న చోట, మన హైదరాబాదు వీధుల దక్కనీలో 'అపన్' అనే మాట ఒకటున్నది. చెప్పేవాడినీ వినేవాడినీ ఒక్కటిగా కలుపుకొనే మాట అది. అచ్చంగా మన 'మనము'. పుట్టినది మొదలు ఆ మాట వింటూనే ఉండి, ఉర్దూలో ఆ భేదం లేదని ఏళ్ళ తరబడి తరగతిలో చెబుతూ వచ్చాము. మమ్ములను దిద్దినది ఏ భాషా శాస్త్రవేత్తయూ కాడు. చేతులకు సొల్యూషన్ అంటిన ఒక మనిషి, రోడ్డు పక్కన కూర్చుని, మేము వదలివెళ్ళిన మనిషి.

కుర్రవాడు ఏమీ అనలేదు. ఆయన పక్కన గొంతుకు కూర్చుని, తన కొత్త ట్యూబు విప్పి రెండవవాని చక్రానికి ఎక్కించసాగాడు.

ఆ తరువాత మా క్లబ్బులో ఒక నియమం ఏర్పడినది. ఎవరి చక్రం ఆగినా, దాని వెనుకనున్నవాడు ఆగాలి. "పొండి" అని కేక వేసినా ఆగాలి. ఈ నియమం వల్ల మాకు రెండు పందాలు పోయినవి. మూడవది కూడ పోవచ్చు. బహుమతిగా వచ్చిన కప్పు భాయ్ దుకాణంలో నీళ్ళ తొట్టి పక్కన ఉన్నది. ఆయన అందులో వాల్వులు వేసుకుంటారు.

విద్యార్థి మిత్రులారా! సర్వనామాల పాఠంలో ఇప్పుడు ఉదాహరణలు మూడయినవి. ఆ మూడవది చెప్పేటప్పుడు మా గొంతు కొంచెం తడబడితే, దానికి కారణం వ్యాకరణం కాదని మీరు గ్రహించగలరు.