రుచికి మార్కులు

మా అబ్బాయి కాలిఫోర్నియాలో ఉంటాడు. వాణ్ణి చూడ్డానికి వెళ్ళినప్పుడు ఓ ఆదివారం మమ్మల్నిద్దర్నీ కారెక్కించి నాపా లోయకి తీసికెళ్ళేడు. కొండల నడుమ కనుచూపు మేర ద్రాక్షతోటలు. బాగానే ఉందనుకుంటూండగా ఓ బల్ల ముందు కూర్చోబెట్టి, అయిదు గ్లాసుల్లో రెండేసి గుక్కల వైన్ పోయించి, నా చేతికో కాగితం, పెన్సిలూ ఇచ్చేడు.

"ఏమిట్రా ఇది?"

"మార్కులెయ్యండి నాన్నా! ముప్ఫయ్యేళ్ళు పేపర్లు దిద్దేరు గదా!"

రాబర్ట్ పార్కర్ అనే ఆయన వాడుకలోకి తెచ్చిన పద్ధతిలో 100కి వెయ్యాలిట. అందులో 50 ఊరికే వచ్చేస్తాయిట. మా పరీక్షల్లో ఆ వెసులుబాటే ఉంటే ఎన్ని కొంపలు నిలబడేవో!

ముందు గ్లాసెత్తి రంగు చూడాలి. తర్వాత గుండ్రంగా తిప్పి వాసన చూడాలి. ఆపైన ఓ గుక్క నోట్లో పోసుకుని, నాలిక మీద అటూ ఇటూ దొర్లించి, పక్కనున్న గిన్నెలో ఉమ్మెయ్యాలి. ఉమ్మేస్తే తాగినట్టా, తాగనట్టా అని నాకు ధర్మసందేహం కలిగింది. మా ఆవిడకి ఏ సందేహమూ కలగలేదు. దూరంనించే వాసన చూసి, "మా నాన్నగారు పుచ్చుకునే ద్రాక్షారిష్టంలా ఉంది" అని తీర్పు చెప్పేసి కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

నేను మాత్రం బల్ల మీది జాబితాలో ధరలు ఓరకంట చూసి మార్కులు వేసేను. ఖరీదు ఎక్కువదానికి ఎక్కువ, తక్కువదానికి తక్కువ. మావాడు కాగితం చూసి నవ్వేడు. "నాలికతో వేసేరా, కళ్ళజోడుతో వేసేరా?" అన్నాడు. ఇంటికొచ్చే దారిలో ఓ కథ చెప్పేడు.

1976 మే 24న పారిస్‌లో స్టీవెన్ స్పరియర్ అనే ఇంగ్లీషు వైన్ వర్తకుడు ఫ్రాన్సు వైన్లనీ, కాలిఫోర్నియా వైన్లనీ కలిపి, ఏది ఏదో తెలియకుండా పోయించేడు. తొమ్మిదిమంది ఫ్రెంచి నిపుణులు 20కి మార్కులు వేసేరు. తెల్లవాటిలో షాటో మాంటెలీనా, ఎర్రవాటిలో స్టాగ్స్ లీప్ మొదటొచ్చేయి. రెండూ నాపావే, 1973 పంటవే. ఒక నిపుణుడు నాపా వైన్ చప్పరించి, మళ్ళీ ఫ్రాన్సుకొచ్చి పడ్డామని మురిసిపోయేట్ట. ఫలితాలు చదివేక ఒకావిడ తన మార్కుల కాగితం తనకిచ్చెయ్యమందిట!

"ఇంకా వినండి" అన్నాడు మావాడు. 2001లో అచ్చయిన ఓ పరిశోధనలో, బోర్డోలో వైన్ శాస్త్రం చదివే 54 మంది విద్యార్థులకి తెల్ల వైన్‌లో వాసన లేని ఎర్రరంగు కలిపి ఇచ్చేరు. వాళ్ళు దాన్ని ఎర్ర వైన్‌కి వాడే మాటలతోనే వర్ణించేరు.

"అయితే పేరూ, రంగూ దాచేస్తే న్యాయం జరుగుతుందన్నమాట" అన్నాను.

"అదీ లేదు నాన్నా!"

రాబర్ట్ హాడ్జ్‌సన్ అని ఓ ప్రొఫెసరు, స్వయంగా వైన్ తయారుచేసేవాడు. 2005 నుంచి నాలుగేళ్ళు, కాలిఫోర్నియా స్టేట్ ఫెయిర్ పోటీల్లో, ఒకే సీసాలోది మూడు గ్లాసుల్లో పోయించి, మిగతావాటితో కలిపేసి, న్యాయనిర్ణేతల ముందుంచే ఏర్పాటు చేసేడు. మూడింటినీ ఒకే పతకం స్థాయిలో పెట్టినవాళ్ళు పదిమందిలో ఒక్కరు!

మావాడు నవ్వేడు. నాకు నవ్వు రాలేదు. ఆ గ్లాసుల సంగతి నాకెప్పుడో తెలుసు.

ఓ వేసవిలో స్పాట్ వాల్యుయేషన్‌కి వెళ్ళేను. మా చీఫ్ ఎగ్జామినరు కొంటె మనిషి. ఒకే జవాబుపత్రానికి రెండు నకళ్ళు తీయించి, పొద్దున ఒకటీ, భోజనాలయ్యాక ఒకటీ నా కట్టలో దూర్చేడు. పొద్దున నేను 41 వేసేను. మధ్యాహ్నం 33. ప్యాసు మార్కు 35. సాయంత్రం రెండూ పక్కపక్కన నా ముందు పెట్టి, ఒక్క మాటైనా అనకుండా వెళ్ళిపోయేడు. పొద్దున దానికి ముందు దిద్దినవన్నీ ఖాళీ కాగితాలే. మధ్యాహ్నం దానికి ముందు దిద్దింది ఓ బంగారుకొండ పేపరు. పైగా కడుపులో గోంగూర, నెత్తిన తిరగని ఫ్యాను.

అది మొదలు 30కీ 35కీ మధ్య పడ్డ ప్రతి పేపరూ పక్కన పెట్టి మర్నాడు పొద్దున మళ్ళీ దిద్దేవాణ్ణి. అంతకు ముందు దిద్దినవాటి మాటేమిటి? ఎవరో ఓ కుర్రాడు నా గోంగూర పుణ్యమా అని సెప్టెంబరుకి కట్టే ఉంటాడు. ఫీజు డబ్బు లేక మానేసే ఉండొచ్చు. వాడికి నా పేరు తెలీదు. నాకు వాడి నంబరు తెలీదు.

వైన్‌దే అదృష్టం. 2006లో, ముప్ఫయ్యేళ్ళకి, పారిస్ పోటీలోని ఎర్రవాటికి మళ్ళీ పరీక్ష పెట్టేరు. 1976లో అయిదోదిగా నిలిచిన రిడ్జ్ మాంటె బెల్లో ఈసారి మొదటొచ్చింది.

మర్నాడు మా ఆవిడ చారు వడ్డిస్తూ, "దీనికెన్ని మార్కులేమిటి?" అంది.

"ఒక్కసారికే చెప్పకూడదే. రేపు పొద్దున మళ్ళీ రుచి చూసి చెబుతాను."

"రేపటిదాకా చారుండదండీ" అంది మా ఆవిడ.