దొర్నిపాడు కాలవ గట్టు మీద

ఆళ్లగడ్డలో బస్సు దిగి కాస్త నడిస్తే ఉలి చప్పుడు వినపడుతుంది. రోడ్డు పక్కన శిల్పుల షెడ్లు. నందులు, అమ్మవార్లు, ద్వారపాలకులు, సగం చెక్కిన ఆంజనేయస్వామి. వాళ్ల మధ్యలో చెయ్యి ఊపుతూ ఒక నాయకుడు. "దేవుడికి కొలతలుంటాయన్నా, శాస్త్రముంటాది. లీడరుకేముంది, ఫొటో ఇచ్చిపోతారు" అన్నాడు ఒక శిల్పి, నవ్వుతూ. రాతి దుమ్ము పట్టిన ఆ నవ్వు నాతోపాటే దొర్నిపాడు దాకా వచ్చింది.

దొర్నిపాడు మా అమ్మ పుట్టిన ఊరు. ఆళ్లగడ్డ నియోజకవర్గంలో ఒక మండల కేంద్రం. జిల్లా ఒకప్పుడు కర్నూలు, 2022 ఏప్రిల్ నుంచి నంద్యాల. టూరిస్టులు అహోబిలం పోతారు, మహానంది పోతారు. ఇక్కడ ఆగే పని ఎవరికీ ఉండదు. తూర్పున దూరంగా నల్లమల గీత గీసినట్టు కనపడుతుంది. మిగతాదంతా నల్లరేగడి. వానపడితే కాలు పీక్కోలేము, ఎండితే కాలు పట్టేంత నెర్రెలు. జనవరి చివర పోతే పచ్చశనగ కాయ కోసుకొని తింటూ నడవొచ్చు. పొద్దున్నే ఉగ్గాని, బజ్జి. రాత్రికి జొన్నరొట్టె. అంతకుమించి ఈ ఊరు మీకేమీ చూపించదు, కూర్చుంటే మాత్రం చాలా చెబుతుంది.

సెల్‌లో లండన్, గట్టు మీద సీమ

మా మేనమామకు కేసీ కాలవ కింద రెండెకరాలు, మెట్టన మూడెకరాలు. సాయంత్రం కాలవ గట్టు మీద కూర్చున్నాం. నేను సెల్‌లో ఒక వీడియో చూస్తున్నా. 2020 జనవరి 31న బ్రిటన్ యూరోపియన్ యూనియన్ నుంచి బయటికొచ్చిన రోజు గురించి. లండన్‌లో జెండాలు ఊపేవాళ్లు కొందరు, ఏడ్చేవాళ్లు కొందరు.

"ఏంది అల్లుడూ అది? ఎవురు సచ్చిపోయినారు?"

"ఎవరూ పోలేదు మామా. వాళ్ల దేశం విడిపోయింది."

నాకు తెలిసినంత చెప్పాను. 2016 జూన్ 23న ఓటింగు పెట్టారు. విడిపోదామని దాదాపు 52 శాతం, కలిసుందామని 48 శాతం. విడిపోతే వారానికి 35 కోట్ల పౌండ్లు మిగులుతాయి, ఆసుపత్రులకు పెట్టుకుందామని ఎర్ర బస్సు మీద రాసుకొని ఊరూరా తిరిగారు. ఫలితం వచ్చిన తెల్లారే, విడిపోవాలని గట్టిగా పోరాడిన నైజెల్ ఫరాజ్ అట్లా చెప్పడం పొరపాటేనని టీవీలో అన్నాడు. ఓటింగు పెట్టిన ప్రధాని కామెరాన్ రాజీనామా చేశాడు. తర్వాత వచ్చిన థెరిసా మే తెచ్చిన ఒప్పందాన్ని పార్లమెంటు మూడుసార్లు తిప్పికొట్టింది. ఈ విడిపోవడమే వద్దని 60 లక్షల మందికి పైగా పిటిషన్ మీద సంతకాలు పెట్టారు. ఇటువాళ్లకూ నాయకుల మీద నమ్మకం పోయింది, అటువాళ్లకూ పోయింది.

మామ అంతా విని ఒకే ఒక్క మాట అడిగాడు. "అయితే వాళ్లనన్నా అడిగినారు గదా? మమ్మల్నెవురడిగినారు?"

నా దగ్గర జవాబు లేదు. ఎందుకంటే 2013లో నేనూ రోడ్డు మీద ఉన్నాను.

చివరి బంతి

అప్పుడు నేను తొమ్మిదో తరగతి. జులై 30న తెలంగాణ ఇస్తున్నామని కాంగ్రెస్ ప్రకటించింది. ఆగస్టులో ఉద్యోగుల సమ్మె మొదలైంది. బస్సుల్లేవు, ఆఫీసుల్లేవు, బడి లేదు. మమ్మల్ని వరసగా నిలబెట్టి, చేతికి ప్లకార్డిచ్చి నడిపించారు. ఎండలో గొంతు పోయేదాకా అరిచాం. రెండు నెలలకు పైగా అదే పని. మాకైతే అది పండగ. పదో తరగతిలో లెక్కలు అర్థం కాక కూర్చున్నప్పుడుగానీ ఆ పండగ ఖర్చెంతో తెలియలేదు.

మైకుల ముందు నాయకులు విభజన జరగదన్నారు. ఇంకా చివరి బంతి మిగిలే ఉందని అప్పటి ముఖ్యమంత్రి కిరణ్‌కుమార్ రెడ్డి అన్నప్పుడు క్రికెట్ పిచ్చోళ్లం మేం నిజంగానే నమ్మాం. 2014 జనవరి 30న శాసనసభ విభజన బిల్లును మూజువాణి ఓటుతో తిరస్కరించింది. చప్పట్లు కొట్టాం. రాజ్యాంగంలో మూడో అధికరణ ప్రకారం అసెంబ్లీ అభిప్రాయం అడిగితే చాలు, వినాల్సిన పని పార్లమెంటుకు లేదని ఆరోజు మాకెవరూ చెప్పలేదు. ఫిబ్రవరి 13న లోక్‌సభలో పెప్పర్ స్ప్రే. 18న బిల్లు పాసయ్యే టైముకు టీవీలో ప్రత్యక్ష ప్రసారమే ఆగిపోయింది. 20న రాజ్యసభలో ఐదేళ్ల ప్రత్యేక హోదా మాట. జూన్ 2న రెండు రాష్ట్రాలు. 2016 సెప్టెంబరుకు హోదా పోయి ప్యాకేజీ అయింది.

ఒక మాట ఒప్పుకోవాలి. హైదరాబాద్‌లో చదివేటప్పుడు నా రూమ్మేట్‌ది నల్గొండ. వాడి దగ్గరా ఇట్లాంటి లిస్టే ఉంది. 1956 ఫిబ్రవరి 20 నాటి పెద్దమనుషుల ఒప్పందం వాడి లిస్టులో మొదటిది. 2009 డిసెంబరు 9న తెలంగాణ ప్రక్రియ మొదలన్నారు, రెండు వారాలు తిరక్కుండానే వెనక్కు తగ్గారు. "మీకు 2014లో తగిలింది మాకు అరవై ఏళ్ల నుంచి తగుల్తాంది రా" అనేవాడు. విడిపోవడం తప్పా ఒప్పా అన్న దగ్గర ఇద్దరం కొట్టుకునేవాళ్లం. నాయకులు ఢిల్లీలో ఒకటి, ఊళ్లో ఇంకోటి మాట్లాడారన్న దగ్గర మాత్రం ఇద్దరిదీ ఒకే పార్టీ.

మామ లెక్క 1937 నుంచి

మామ లెక్క మాత్రం 2014తో మొదలుకాదు. ఆయన చదివింది ఏడో తరగతి. శ్రీబాగ్ ఒడంబడిక మాత్రం నోటికి వస్తుంది. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు ఇంట్లో కోస్తా పెద్దలు, సీమ పెద్దలు కూర్చొని రాసుకున్నది. ఆంధ్ర రాష్ట్రం వస్తే రాజధాని, హైకోర్టులో ఏది కావాలో సీమ కోరుకోవచ్చు. కృష్ణా, తుంగభద్ర, పెన్నా నీళ్లలో పదేళ్లు, అవసరమైతే ఇంకొంతకాలం, ముందు సీమకు, నెల్లూరుకు.

1953 అక్టోబరు 1న కర్నూలు రాజధాని అయింది. ఆఫీసులకు గుడారాలేశారు. మూడేళ్లకే, 1956 నవంబరు 1న గుడారాలు ఎత్తేశారు, రాజధాని హైదరాబాద్ పోయింది. ఈ మధ్యలో సిద్ధేశ్వరం దగ్గర కట్టాలనుకున్న కృష్ణా-పెన్నార్ ప్రాజెక్టు పక్కకు పోయి, కింద నాగార్జునసాగర్ వచ్చింది.

"రాజధాని పోతే పోనీలే, దాంట్లో నేనేం కాపురం పెట్టేది ల్యా. నీళ్లు?" అంటాడు మామ.

నీళ్ల సంగతికొస్తే మేం కూర్చున్న కాలవ గురించి చెప్పాలి. కర్నూలు-కడప కాలవ. 1860ల్లో ఒక ఇంగ్లీషు కంపెనీ తవ్వింది, అప్పట్లో పడవలు కూడా తిరిగేవి. కంపెనీకి గిట్టుబాటు కాక 1882లో ప్రభుత్వం కొనేసింది. సుంకేసుల దగ్గర తుంగభద్ర నీళ్లు ఎత్తుకొని కడప దాకా వస్తుంది. ఆయకట్టు 2.65 లక్షల ఎకరాలు, బచావత్ ట్రిబ్యునల్ ఇచ్చిన వాటా 39.9 టీఎంసీలు. కాగితం మీద లెక్క బాగుంటుంది. తుంగభద్ర ఎండితే శ్రీశైలం వైపు చూడాలి. శ్రీశైలంలో నీళ్లు 841 అడుగులు దాటితేగానీ పోతిరెడ్డిపాడుకు అందవు, నిండుగా పారాలంటే 880 కావాలి. అట్లాంటిది 1996లో జీవో 69 తెచ్చి కనీస మట్టాన్ని 854 నుంచి 834కు దించారు. ఆ మూడంకెల నంబర్లు ఇక్కడి రైతులు ఫోన్ నంబరు చెప్పినట్టు చెబుతారు.

అన్నీ అబద్ధాలేనా?

కాదు. మామ ఆ మాట కూడా అంటాడు. 2017 జనవరిలో ముచ్చుమర్రి ఎత్తిపోతల మోటార్లు తిరిగాయి. శ్రీశైలం అడుగంటినా కేసీ కాలవకు నీళ్లు తోడే ఏర్పాటు అది. మొదలుపెట్టింది ఒక ప్రభుత్వం, స్విచ్ నొక్కింది ఇంకో ప్రభుత్వం. "ఎవురు నొక్కితే ఏం, నీళ్లొచ్చినాయి. రాలేదంటే అబద్ధమైతాది."

రాజధాని మాట మళ్లీ 2019 డిసెంబరులో లేచింది. ఈసారి కర్నూలు న్యాయ రాజధాని. 2020లో చట్టమైంది, 2021 నవంబరులో ప్రభుత్వమే దాన్ని వెనక్కు తీసుకుంది. 2024 నవంబరులో ఇంకో ప్రభుత్వం, కర్నూలులో హైకోర్టు బెంచ్ పెట్టాలని అసెంబ్లీలో తీర్మానం. ఊళ్లో టీ అంగడి దగ్గర ఈ సంగతి ఎత్తితే ఎవరూ కోప్పడలేదు, సంతోషపడనూ లేదు. నాకు భయమేసింది అక్కడే. కోపమున్నంత వరకూ ఆశ ఉన్నట్టు. ఇక్కడ ఇరవై రెండేళ్ల కుర్రాడు కూడా "యాన్నో ఒకచోట పెట్టుకోనీలే అన్నా" అని రీల్స్‌లోకి పోయాడు.

ఈ నియోజకవర్గం 2014లో చూసింది ఎవరూ చూసుండరు. ఏప్రిల్ 24న అభ్యర్థి శోభా నాగిరెడ్డి రోడ్డు ప్రమాదంలో చనిపోయారు. మే 7న ఓటింగు యంత్రం మీద ఆమె పేరు అట్లాగే ఉంది. జనం ఓటేశారు, ఆమె గెలిచారు. ఆ రోజుల్లో ఊళ్లో ఒక ముసలాయన అన్న మాట మామ ఇప్పటికీ చెబుతాడు. "పోయినోళ్లు మాట తప్పరు లేప్పా." అనేసి ఆయన కళ్లు తుడుచుకున్నాడంట.

రాష్ట్రాన్ని విడగొట్టిందన్న కోపంతో అదే ఎన్నికల్లో ఆంధ్రప్రదేశ్‌లో కాంగ్రెస్‌కు ఒక్క సీటూ ఇవ్వలేదు జనం, అసెంబ్లీలోనూ లేదు, పార్లమెంటులోనూ లేదు. తర్వాతి ఐదేళ్లలో వైకాపా నుంచి 23 మంది ఎమ్మెల్యేలు తెలుగుదేశంలోకి పోయారు. 2019లో తెలుగుదేశానికి వచ్చిన సీట్లూ సరిగ్గా 23. 2024లో వైకాపాకు 11. జనానికి మతిమరుపని అనుకునేవాళ్లు ఈ అంకెలు ఒకసారి చూసుకోవాలి.

తామే పునాది వేసిన రోజు

చీకటి పడుతుంటే మామ ఇంకో సంగతి చెప్పాడు. 2016 మే 31. సిద్ధేశ్వరం దగ్గర కృష్ణకు అలుగు కట్టాలని అడిగి అడిగి విసుగొచ్చి, మేమే శంకుస్థాపన చేసుకుంటామని సీమ రైతులు బయలుదేరిన రోజు. పోలీసులు దారులు మూశారు. అయినా వేల మంది వెళ్లారు. ముందు పార్టీ జెండా లేదు, వెనక బిరియానీ ప్యాకెట్టు లేదు.

"పునాది వేస్తే కట్టినట్టేనా మామా?"

"కాదు. నాయకులు యేసిన పునాదులు మాత్రం ఎన్ని లేసినాయి? మాదీ ఒకటుండనీ అనుకున్న్యాం."

ఇక్కడికి దగ్గర్లోనే, కోయిలకుంట్లలో 1847 ఫిబ్రవరి 22న ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని ఉరితీశారు. ఆయన తిరగబడిందీ మొదట కుంఫిణీవాళ్లు తనకు రావాల్సిన తవర్జీ సరిగ్గా ఇవ్వనందుకే. పై వాళ్లు మాట తప్పితే లెక్క అడగడం ఈ నేలకు కొత్త కాదు. మా తరంలోనే అడగడం తగ్గింది. మీమ్ వేసి ఊరుకుంటున్నాం.

"ఇంత అయినాక కూడా ఓటెందుకేస్తావు మామా?" అని అడిగాను. చదువుకున్నవాళ్లం, మేం నలుగురు ఫ్రెండ్స్ 2024లో టికెట్టు దొరకలేదని ఊరికి రాలేదు. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు.

మామ లేచి పంచె దులుపుకున్నాడు. "నమ్మి యేస్తానని ఎవురు చెప్పినారు? నమ్మినోనికి ఓటెందుకు, దండం పెడితే సాలు. నమ్మకం ల్యాకనే యేసేది. పోయిన దపా వచ్చినోడు మళ్లా వస్తాడు గదా, అప్పుడు అడిగేకి నాకు నోరుండాల." రెండడుగులేసి ఆగాడు. "నువ్వు పోయినసారి యేసినావా?"

కాలవలో నీళ్లు నిదానంగా పోతున్నాయి. చివరి పొలాల దాకా పోతాయో లేదో గట్టు మీద నుంచి తెలియదు. "పదండి మామా, చలేస్తాంది" అన్నాను.

ఆయనకు అర్థమైంది. ఏమీ అనలేదు. టార్చి వేసి ముందు నడిచాడు.