రాణిగారి పసుపు కుంకుమ

"అక్కా, ఇవాళ నీకో జిల్లా అంతా చూపించేస్తాను. మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చేద్దాం" అంది మా చెల్లెలు, లీస్టర్‌లో వాళ్ళింటికి వెళ్ళినప్పుడు. ఒక్క పూటలో చూసేసే జిల్లా ఏమిటమ్మా, అదేమైనా పెరడా అని నవ్వాను.

తీరా వెళ్ళాక తెలిసింది, తను గొప్పలు పోలేదని. దాని పేరు రట్లండ్. ఇంగ్లండు పాత కౌంటీల్లో పిసరంతది. ఈ కొస నుంచి ఆ కొసకి 20 మైళ్ళుండదు. పట్టణాలు రెండే, ఓకమ్, అప్పింగమ్. "చిన్నదానిలో ఎంతో" అని లాటిన్‌లో బిరుదు వాక్యం కూడానూ! పొట్టివాళ్ళకి రోషం ఎక్కువని మా అమ్మమ్మ ఊరికే అనేది కాదు.

ఆ రోషం ఓకమ్ కోటలో గోడలకి వేలాడుతోంది. అది 12వ శతాబ్దపు హాలు. ప్రభువు బిరుదున్న వాళ్ళెవరైనా మొదటిసారి ఆ ఊరొస్తే ఓ గుర్రపు నాడా సమర్పించుకోవాలి. రెండో ఎలిజబెత్ రాణీ ఇచ్చుకుంది. అలా పోగైనవి 200 పైచిలుకు. అన్నీ కొసలు కిందికి పెట్టి కొట్టారు. పైకి పెడితే ఆ వంపులో సైతాను కూర్చుంటాడట! మన అమ్మలక్కల నమ్మకాలు మనకే ఉన్నాయనుకున్నాను సుమండీ.

ఇంత రోషం గల కౌంటీని 1974లో పక్కనున్న లీస్టర్‌షైర్‌లో కలిపేశారు. పెళ్ళయ్యాక మన ఇంటిపేరు పోయినట్టే దాని పేరూ పోయింది. ఆ దశాబ్దంలోనే గ్వాష్ నదికి అడ్డంగా ఆనకట్ట కట్టి, 3,000 ఎకరాల పైగా నేలని నీటికి అప్పగించారు. నెదర్ హేంబుల్టన్ అనే పల్లె ఉన్న చోటు మునిగిపోయింది. ఊరు ఎలాగూ తిరిగి రాదు. పేరు మాత్రం వదలం అన్నారు జనం. 1997లో వాళ్ళ కౌంటీ వాళ్ళకి వచ్చేసింది.

ఆ నీటి ఒడ్డునే ఈడిత్ వెస్టన్ అని ఓ గ్రామం. ఈడిత్ అంటే 11వ శతాబ్దంలో ఎడ్వర్డ్ రాజు భార్య. రట్లండ్ భూములు అప్పట్లో ఆవిడవి.

"అంటే రాణిగారి పసుపు కుంకుమ అన్నమాట" అంది చెల్లెలు. మనకి పుట్టింటివాళ్ళిస్తారు, అక్కడ రాణులకి మెట్టినింటి వైపు నుంచి వచ్చేది. అంతే తేడా. ఆవిడ పోయి 900 ఏళ్ళు దాటినా ఊరు ఇంకా ఆవిడ పేరు మోస్తోంది.

ఇద్దరం కాసేపు మాట్లాడలేదు. మా అమ్మకీ పసుపు కుంకుమ కింద ఎకరంన్నర ఉండేది. నా పెళ్ళికి అమ్మేశారు. కాగితాల మీద సంతకం పెడుతూ అమ్మ ఏమీ అనలేదు. కొత్త పట్టుచీరల హడావుడిలో నేనూ అడగలేదు.

"అక్కా, ఆ పొలం ఎక్కడుండేదో నీకు తెలుసా?"

"తెలీదే."

ఇంటికి రాగానే అమ్మకి ఫోను చేశాను. ఇన్నేళ్ళకి ఇప్పుడెందుకే అని అడుగుతుందనుకున్నాను. అడగలేదు.

"కాలవ దాటగానే, రెండు తాడిచెట్ల పక్కది. కొనుక్కున్నాయన కొడుకులు పంచుకుని వేరుపడ్డారట. ఆ చెక్కని మాత్రం ఊళ్ళో ఇప్పటికీ నా పేరుతోనే పిలుస్తారుటే" అంది అమ్మ.

ఆ గొంతులో ఎంత గర్వమో!