ఎర్ర గుర్తు పచ్చబడింది!

రాత్రంతా నిద్ర పట్టలేదంటే నమ్మండి! జేబులో పడి ఉండే ఈ ఫోను ఇంత పని చేస్తుందని నాకు ఇన్నేళ్ళూ తెలియనే తెలియదు. తెలిశాక నోరు కట్టుకుని కూర్చోవడం నా వల్ల కావడం లేదు. వినండి!

వికీమీడియా కామన్స్!

పేరు కొత్తగా ఉందా? నాకూ కొత్తే. వికీపీడియా మనందరికీ తెలుసు కదా, దాంట్లో కనిపించే ఫోటోల్లో చాలా భాగం ఇక్కడి నుంచే వస్తాయట. 2004 సెప్టెంబరులో మొదలైంది. ఇప్పుడు ఇందులో 10 కోట్లకు పైగా ఫైళ్ళు ఉన్నాయి. పది కోట్లు! ఫోటోలు, పటాలు, వీడియోలు, గొంతులు. ఎవరైనా, ఎక్కడైనా, పైసా కట్టకుండా వాడుకోవచ్చు. బడిపిల్లలు, పత్రికలవాళ్ళు, పుస్తకాలు రాసేవాళ్ళు... తీసినవాళ్ళ పేరు వేసి, షరతులు పాటిస్తే చాలు. ఇన్ని కోట్లూ అక్కడ పెట్టిందెవరు? జీతాలు తీసుకునే ఫోటోగ్రాఫర్లు కాదు. ఎక్కువ భాగం మీలాంటి వాళ్ళే, నాలాంటి వాళ్ళే!

అంతవరకూ నా ప్రయాణాల ఫోటోలు ఎక్కడికి పోయేవి? వాట్సాప్‌లో ఇంటివాళ్ళకు. అత్తయ్య ఒక దండం బొమ్మ పెట్టేది, బావ ఒక బొటనవేలు. మరుసటి రోజుకు గుడ్ మార్నింగుల కింద పడి కనిపించకుండా పోయేవి. ఫోటో పంచుకోవడమంటే అంతేననుకున్నాను.

కామన్స్‌కు ఆండ్రాయిడ్ ఫోన్లలో ఒక ఆప్ ఉంది. తిరుపతి నుంచి పుత్తూరు పోయే బస్సులో కిటికీ పక్క సీటు దొరికితే, ఊరికే తెరిచి చూశాను. పటం వచ్చింది. నేనున్న చోటు వచ్చింది. నా చుట్టూ గుర్తులు! కొన్ని పచ్చవి, కొన్ని ఎర్రవి. పచ్చగా ఉంటే ఆ చోటుకు ఫోటో ఉన్నట్టు. ఎర్రగా ఉంటే ఇంకా ఎవరూ పెట్టనట్టు!

ఒళ్ళు ఝల్లుమంది. బస్సు పోతూ ఉంటే పటంలో ఎర్ర గుర్తులు ఒకటొకటిగా నా వైపు వస్తున్నాయి, వెనక్కి పోతున్నాయి. ఒక పల్లె. ఒక చెరువు. ఒక చిన్న గుడి. లోకంలో ఎవరో ఎక్కడో ఈ చోటు పేరు నమోదు చేసి పెట్టారు, దాని ముఖం ఎలా ఉంటుందో చూపే బొమ్మ మాత్రం లేదు. నేనేమో దాని ముందు నుంచే పోతున్నాను, చేతిలో కెమెరాతో!

పుత్తూరులో దిగాను. కట్టు కట్టే ఊరిగానే నాకు పుత్తూరు తెలుసు, చెయ్యి విరిగినా కాలు విరిగినా అందరూ పరుగెత్తి వచ్చే ఊరు. ఈసారి నేను పరుగెత్తింది నారాయణవనం దారిలోని ఒక ఎర్ర గుర్తు కోసం. పాత రాతి మండపం. పగుళ్ళలో రావి మొక్క, స్తంభాల మీద సున్నం పొరలు, నీడలో పడుకున్న మేకలు, ఎండకు కాలి కమ్మగా వాసన వేస్తున్న మట్టి. ఫోను పైకెత్తగానే అరుగు మీద కూర్చున్న ఒక పెద్దాయన అడిగాడు.

"ఏంది నాయినా, ఆ పాడుబడిన మండపానికి ఫోటోనా? ఎవురు చూస్తారు దాన్ని?"

"లోకమంతా చూస్తుంది తాతా!"

ఆయన ఒక్క క్షణం నన్ను చూసి లేచాడు. "అట్టయితే ఈ పక్కకి రా. ఆడ కంబానికి ఏనుగు చెక్కి ఉండాది. అది తియ్యి ముందు."

ఎంత అందమైన ఏనుగో! అరచేయంత ఉంటుంది, తొండం ఎత్తి, కాలు ముందుకేసి, ఇప్పుడే నడిచొచ్చినట్టు! ఆయన చూపించకపోతే నా కంట పడేదే కాదు.

అక్కడ సిగ్నల్ లేదు. అయితే ఏం! లొకేషన్ ఆన్‌లో పెట్టి తీస్తే ఫోటో లోపలే అక్షాంశం, రేఖాంశం, తేదీ, సమయం అన్నీ రాసుకుని ఉంటాయట! తీసిన చోటు ఏదో ఫోటోకే తెలుసు! ఊళ్ళోకి వచ్చాక పంపాను. పేరు తెలుగులో, వివరణ తెలుగులో. అవును, అచ్చంగా తెలుగులో రాయొచ్చు! కాసేపటికి పటం తెరిచి చూస్తే ఎర్ర గుర్తు పచ్చగా ఉంది. బస్టాండులో నిలబడి గట్టిగా నవ్వేశాను.

ఆశ్చర్యం అక్కడితో ఆగలేదు. కామన్స్‌లో ప్రతి ఫోటో కింద, అది ఏ ఏ వికీపీడియాల్లో వాడుకలో ఉందో కనిపిస్తుంది. కొన్నాళ్ళకు చూస్తే నా ఏనుగు తమిళ వికీపీడియాలో! నాకు చదవడం రాని లిపిలో, నేనెన్నడూ చూడని మనిషి, ఆ పెద్దాయన చూపించిన ఏనుగును తీసుకెళ్ళి తన వ్యాసంలో పెట్టుకున్నాడు!

ఫోను నుంచి ఫోటో పంచుకోవడం ఎప్పుడు పుట్టిందో కూడా వెతికాను, ఆగలేక. 1997 జూన్ 11న అమెరికాలో ఫిలిప్ కాన్ అనే ఆయన, ఆసుపత్రిలో అప్పుడే పుట్టిన కూతురి ఫోటో తీసి, కెమెరాను సెల్‌ఫోనుకు, ల్యాప్‌టాపుకు తీగలతో కలిపి, 2 వేల మందికి పైగా పంపించాడట. పురిటిగదిలో మొదలైంది ఇదంతా! ఇప్పుడు తీగల్లేవు, ల్యాప్‌టాపు లేదు, బొటనవేలు చాలు.

ఇక నా కళ్ళకు ఊరుకోవడం చేతకావడం లేదు. తిరుమల ఘాట్ రోడ్డునే తీసుకోండి. ఎన్నిసార్లు ఎక్కామో, ఎన్నిసార్లు దిగామో! మలుపులో కొండ చీలికను ఎప్పుడైనా చూశారా? కింద గ్రానైటు, దాని మీద అడ్డంగా పొరలు పొరలుగా క్వార్ట్జైటు. ఆ రెంటి నడుమ గీత ఉంది చూడండి, అది పదుల కోట్ల ఏళ్ళ ఖాళీ! ఆ మధ్య కాలంలో ఇక్కడ ఏం జరిగిందో చెప్పే రాయే మిగల్లేదు. ఎపార్కియన్ అన్‌కన్ఫర్మిటీ అంటారు. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ దీన్ని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించింది, కొండ మీది శిలాతోరణం లాగే. మనమేమో గోవిందనామాలు చెప్పుకుంటూ దాని పక్క నుంచే పోతున్నాం! బండి నడిపేవాళ్ళు మాత్రం ఫోను ముట్టొద్దు, మలుపులో ఆపొద్దు. పక్కన కూర్చున్నవాళ్ళు తీయండి.

చంద్రగిరిలో రాజమహల్! వెనక ఏనుగుల గుంపులా నల్లటి బండరాళ్ళ కొండ, ముందు కర్ర వాడకుండా రాయి, ఇటుక, సున్నంతో లేపిన మూడంతస్తుల మేడ. గుడిమల్లంలో ఏనుగు వెన్నులా గుండ్రంగా తిరిగిన పరశురామేశ్వరుడి విమానం! బయటి నుంచే చూస్తూ ఉండిపోయాను.

శ్రీకాళహస్తి దగ్గర మాత్రం గొంతు పట్టేసింది. శ్రీకృష్ణదేవరాయలు 1516లో కట్టించిన గాలిగోపురం 2010 మే 26న కూలిపోయింది. దాదాపు 500 ఏళ్ళు నిలబడి, నిలువునా కుప్పకూలింది! కొత్త గోపురం 2017లో లేచింది, నిండుగా ఉంది, దండం పెట్టుకున్నాను. కానీ ఆ పాతది? ఆ బొమ్మల మధ్య మొలిచిన గడ్డి, వానకు నల్లబడిన ఆ రాయి? కూలకముందు ఎవరో యాత్రికులు, ఎవరో దారినపోయేవాళ్ళు తీసిపెట్టిన ఫోటోల్లోనే ఉంది. వాళ్ళెవరో గానీ వాళ్ళకు వెయ్యి దండాలు! మీ ఇంటి బీరువాలో, మీ పాత ఫోనులో 2010కి ముందు మీరు తీసిన కాళహస్తి ఫోటో ఉందా? వెతకండి. ఇవాళే వెతకండి! ఇంట్లో వేరేవాళ్ళు తీసినదైతే వాళ్ళ చేతే పెట్టించండి, తీసినవారికే దాని మీద హక్కు.

మరో రెండు మూడు సంగతులు గబగబా చెప్పేస్తాను. ఇంటర్నెట్ నుంచి దించుకున్నవి పెట్టకూడదు. గుళ్ళు, కోటలు, బహిరంగ స్థలాల్లో శాశ్వతంగా నిలిపిన విగ్రహాల ఫోటోలకు మన కాపీరైటు చట్టం అడ్డు చెప్పదు. సినిమా పోస్టర్లకు ఆ వీలు లేదు. తిరుమల ఆలయంలోకి ఫోనే తీసుకెళ్ళకూడదు, అక్కడ చేతులకు దండం పెట్టే పని ఒక్కటే. మనుషులు కనబడితే అడిగి తీయండి. ఇంట్లో తీసేవాటికి లొకేషన్ ఆపేయండి. అసలు పేరు ఇష్టం లేకపోతే వేరే పేరుతో ఖాతా తెరవొచ్చు.

పోటీ కూడా ఉంది! వికీ లవ్స్ మాన్యుమెంట్స్. 2010లో నెదర్లాండ్స్‌లో పుట్టి దేశదేశాలకూ పాకింది, 2011లో ప్రపంచంలోనే అతి పెద్ద ఫోటో పోటీగా గిన్నిస్‌కెక్కింది. సాధారణంగా సెప్టెంబరులో జరుగుతుంది. అయినా నాకు బహుమతి ధ్యాసే లేదు, ఎర్ర గుర్తుల ధ్యాసే!

మీరూ చూడండి! మదనపల్లెలో ఉంటే మదనపల్లె పటం తెరవండి, కుప్పంలో ఉంటే కుప్పం. పలమనేరు, పుంగనూరు, కార్వేటినగరం, నాగలాపురం, ఎక్కడైనా సరే! మీ వీధి చివరి రచ్చబండ ఎర్రగా ఉందేమో, మీ ఊరి కోనేరు ఎర్రగా ఉందేమో!

నేనైతే మే నెల కోసం కాచుకుని ఉన్నాను. తిరుపతి గంగమ్మ జాతర! బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం, సున్నపు కుండలు... ముఖాన బొగ్గు పూసుకుని, వేపాకు చుట్టుకుని, చీర కట్టి పూలు పెట్టుకుని మగవాళ్ళు వీధుల్లో తిరుగుతుంటే ఆ డప్పుల మోత, ఆ పొంగళ్ళ పొగ! ఒక్కో వేషానికీ అడిగి ఒక్కో ఫోటో, ఒక్కో ఫోటోకూ తెలుగులో వివరణ. వస్తారా? పవర్ బ్యాంకు నేను తెస్తాను!