గాలి ఎటు పోతోంది? రాబర్ట్‌సన్‌పేట టైర్ల షాపులో ఒక పూట

కోలార్ గోల్డ్ ఫీల్డ్స్ (కేజీఎఫ్) బంగారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ చేపట్టిన తవ్వకం చాంపియన్ రీఫ్‌లో మూడు కిలోమీటర్ల లోతు దాటి, ఆ రోజుతో ఆగిపోయింది. అప్పటినుంచి ఊరి బతుకు ప్రయాణాల మీదే నడుస్తోంది. మారికుప్పంలో తెల్లవారుజామున బయల్దేరే రైళ్లు వేలమందిని బెంగళూరు పనులకు చేరుస్తాయి. రోడ్డున పోయేవాళ్లలో చాలామందివి సెకండ్ హ్యాండ్‌లో కొన్న పాత కార్లు. ఎనిమిది, పదేళ్లు నడిచిన ఈ కార్ల అల్లాయ్ చక్రాలకు ఒక జబ్బు ఉంది. పంచర్ ఉండదు, మేకు దిగి ఉండదు, కానీ వారం తిరిగేసరికి గాలి దిగిపోతుంది. దాన్ని పద్ధతిగా బాగుచేస్తారని విని ఊళ్లోని రాబర్ట్‌సన్‌పేటలో ఒక చిన్న టైర్ల షాపుకు వెళ్లాను.

షాపు యజమానికి యాభై దాటి ఉంటాయి. వాళ్ల పెద్దలు చిత్తూరు వైపు నుంచి గనుల పనికి వచ్చినవాళ్లు. ఇంట్లో తెలుగు, బజారులో తమిళం, ఆఫీసుల్లో కన్నడం. తండ్రి గనిలో కంప్రెసర్ల దగ్గర పనిచేశారు. భూమి లోపల బండను తొలిచే డ్రిల్లులన్నీ గాలి ఒత్తిడితోనే నడిచేవి. పైనుంచి కిందికి గాలి మోసే గొట్టం ఎక్కడ లీకైనా లోపల డ్రిల్లు బలం తగ్గేది. "మా నాయన గొట్టం పొడుగునా చెయ్యి పెట్టి చూసుకుంటా పోయేవాడు సార్. గాలి తగ్గిందని ఇంకొంచెం కొడితే సరిపోదు, యాడ పోతాదో చూడాల అనేవాడు" అన్నాడు. ఆ షాపులో పనంతా ఆ మాట ప్రకారమే జరుగుతుంది.

నేను వెళ్లేసరికి బేతమంగళం నుంచి ఒక టీచరమ్మ కారు వచ్చి ఉంది. వెనక ఎడమ చక్రంలో 33 పాయింట్ల (పీఎస్ఐ) గాలి పెట్టిస్తే వారానికి 25కు దిగుతోందట. ఇంతకుముందు చూపించిన చోటల్లా గాలి కొట్టి పంపారు. ఒక చోట ట్యూబు వేసుకొమ్మన్నారు. ఈయన గాలి కొట్టలేదు. ముందు వాల్వు మూత తీసి పిన్ను మీద సబ్బు నీటి చుక్క వేశాడు. బుడగ రాలేదు. వాల్వును అటూ ఇటూ వంచి దాని మొదలు దగ్గర చూశాడు. రబ్బరు వాల్వు ఎండకు పెళుసెక్కి అక్కడే చీలుతుంది, నిటారుగా ఉన్నప్పుడు కనబడదు. అక్కడా ఏమీ లేదు. అప్పుడు చక్రం విప్పి, 40 దాకా గాలి పట్టించి, నీళ్ల తొట్టిలో ముంచాడు.

మొదట చక్రానికి అంటుకున్న గాలి బుడగలన్నీ పైకి తేలాయి. వాటిని చేత్తో తుడిచేసి, నీళ్లు కుదురుకునేదాకా ఆగమన్నాడు. తొందరపడేవాళ్లకు ఈ లీకు దొరకదట. కాసేపటికి రిమ్ము లోపలి వైపు, టైరు అంచు ఆనే చోట, ఆవగింజంత బుడగ ఒకటి ఉబ్బి తెగింది. అదే చోట మరొకటి. బెత్తెడు దూరంలో ఇంకొక వరస. చాక్‌పీసుతో అక్కడ గుర్తు పెట్టాడు. టైరు మీద వాల్వుకు ఎదురుగా ఇంకో గీత గీశాడు. టైరు ఊడదీశాక లీకు రిమ్ముదా టైరుదా అన్నది ఈ రెండు గుర్తులే చెబుతాయి.

మెషీన్ మీద టైరు ఊడింది. గుర్తు పెట్టిన చోట రిమ్ము పెయింటు పాత గోడకు సున్నం పొక్కినట్టు లేచి ఉంది. గోటితో గీరితే పెళ్లలు రాలాయి, కింద తెల్లటి పొడి. అల్యూమినియం తుప్పు అదే. ఇనుము తుప్పులా ఎర్రగా ఉండదు కాబట్టి చాలామంది దుమ్మనుకుంటారు. మామూలుగా అల్యూమినియం మీద ఏర్పడే సన్నని ఆక్సైడ్ పొర లోహాన్ని కాపాడుతుంది. కానీ పెయింటు ఒకచోట చిట్లి, ఉప్పు కలిసిన తడి లోపలికి చేరితే పొర కింద తుప్పు పాకుతుంది. తుప్పు లోహం కంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది, పెయింటును పైకి లేపుతుంది. ట్యూబ్‌లెస్ టైరులో గాలిని ఆపేది రిమ్ము నునుపు, దానికి అదుముకున్న రబ్బరు అంచు, ఈ రెండే. వాటి మధ్య వెంట్రుక మందం సందు చాలు.

పెయింటు చిట్లడానికి కారణాలు ఆయన వరసగా చూపించాడు. రిమ్ము అంచుకు కొట్టిన పాత క్లిప్పు బరువులు ఒకటి. ఇనుము, అల్యూమినియం తడిలో ఒకదాన్నొకటి తాకితే అల్యూమినియమే తినేసుకుపోతుంది. అందుకే ఈ షాపులో లోపల అతికించే బరువులే వాడతారు. కడిగే చోట తెల్లగా మెరవాలని కొట్టే యాసిడ్ రెండోది. టైరు ఎక్కించేటప్పుడు పూసే బట్టల సబ్బు నీళ్లు మూడోది, దానిలోని క్షారం అల్యూమినియానికి పడదు. సముద్రపు గాలి తగిలిన చెన్నై బండ్లలో ఇది ఎక్కువగా చూస్తామన్నాడు.

బాగుచేయడం ఓపికతో కూడిన పని. గుర్తు పెట్టిన చోటు ఒక్కటే కాదు, రిమ్ము చుట్టూ రెండు వైపులా అంచు ఆనే భాగమంతా శుభ్రం చేస్తారు. వైరు బ్రష్‌తో వదులు పెయింటు, పొడి తీసేసి, తర్వాత ఎమరీ పేపరుతో చుట్టూ సమంగా రుద్దుతారు. గ్రైండర్ పెట్టనివ్వలేదు. "గ్రైండర్ పెడితే రెండు నిమిషాల పనే సార్, కానీ గుంత పడతాది. ఆ గుంతే రేపు లీకు" అన్నాడు. మెరిసే లోహం బయటపడ్డాక వేలితో చుట్టూ తడిమి చూశాడు, నన్నూ తడమమన్నాడు. కంటికి కనపడని గరుకు వేలికి తగిలింది. అక్కడ మళ్లీ రుద్దాడు. తర్వాత ప్రైమరు, పెయింటు పలచగా పూసి ఆరనిచ్చారు. టైరు అంచుకు పట్టిన పాత పొడిని గుడ్డతో తుడిచారు. సన్న గుంతలు పూడడానికి అంచు సీలర్ పలచగా రాసి, కొత్త వాల్వు వేసి, సబ్బు బదులు టైరు పేస్టు పూసి ఎక్కించారు. గాలి పడుతుంటే అంచులు టప్పుమని కూర్చున్నాయి. మళ్లీ తొట్టిలో ముంచారు. ఈసారి బుడగ లేదు. బ్యాలెన్సింగ్ చేసి, నట్లు నక్షత్రం వరసలో బిగించి, వంద కిలోమీటర్లలోపు ఒకసారి వచ్చి మళ్లీ బిగింపు చూపించుకొమ్మని టీచరమ్మకు చెప్పారు.

అన్ని చక్రాలకూ ఈ వైద్యం పనికిరాదు. మూలన పెట్టిన ఒక రిమ్ము లోపలి పెదవి మీద సన్నటి పగులు చూపించాడు, గుంతలో పడ్డ దెబ్బ. అల్లాయ్ రిమ్ముకు బలం వచ్చేది దాన్ని పోతపోశాక ఇచ్చే వేడి చికిత్సతో. వెల్డింగ్ వేడికి చుట్టూ ఉన్న లోహం ఆ బలం కోల్పోతుంది. చాలామంది తయారీదారులు వెల్డింగ్‌ను ఒప్పుకోరు. ఆ రిమ్ము మార్చాల్సిందే అని బండి యజమానికి చెప్పేశానన్నాడు. ట్యూబు వేయడం కూడా ఆయనకు సమ్మతం కాదు. ట్యూబ్‌లెస్ టైరు లోపలి గరుకు ట్యూబును ఒరుస్తుంది, వేడెక్కుతుంది. మెల్లగా పోయే గాలి కాస్తా ఒక్కసారిగా పోతుంది. లోపల పోసే సీలెంట్ ద్రవం దారిలో ఇల్లు చేరడానికి సరే, నెలల తరబడి వదిలేస్తే కొన్ని రకాలు రిమ్మునే తినేస్తాయి.

ఇదంతా ఇప్పుడు ఎందుకు ముఖ్యమంటే, బెంగళూరు–చెన్నై ఎక్స్‌ప్రెస్‌వే మీద హోసకోట నుంచి బేతమంగళం దాకా ఇప్పటికే బండ్లు తిరుగుతున్నాయి. గాలి తగ్గిన టైరు పక్క గోడలు ప్రతి చుట్టుకూ ఎక్కువ వంగుతాయి, వేడెక్కుతాయి. ఊళ్లో నలభై వేగంలో బయటపడని లోపం అక్కడ వందలో బయటపడుతుంది. పైగా గాలి ఒత్తిడి చెప్పే సెన్సర్లు, రిపేరు కిట్టు ఉన్న ట్యూబ్‌లెస్ కార్లకు స్టెప్నీ అక్కర్లేదని 2020 అక్టోబరు నుంచి నిబంధన సడలింది. స్టెప్నీ లేని బండికి రిమ్ము అంచు లీకైతే పంచర్ కిట్టు అక్కరకు రాదు.

ఒక విషయం గుర్తుపెట్టుకోవాలి. ప్రతి టైరూ నెలకు ఒకటి రెండు పాయింట్లు తనంతట తాను పోగొట్టుకుంటుంది. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పడిపోతే ఇంకో ఒకటిన్నర తగ్గుతుంది. డిసెంబరు ఉదయం నాలుగు చక్రాల్లోనూ కొంచెం తగ్గితే అది వాతావరణం. ఒక్క చక్రమే తగ్గుతుంటే అది లీకు.

పాత అల్లాయ్ చక్రాలున్నవాళ్లు పదిహేను రోజులకొకసారి, బండి నడపకముందు, చల్లగా ఉన్నప్పుడు నాలుగు చక్రాల ఒత్తిడీ చూసి రాసిపెట్టుకోండి. ఒకే చక్రానికి మళ్లీ మళ్లీ గాలి కొట్టించాల్సి వస్తుంటే, ఈసారి కొట్టించే ముందు నీళ్ల తొట్టిలో ముంచి చూపించమని అడగండి. టైరు మార్చే ప్రతిసారీ రిమ్ము అంచు శుభ్రం చేయించి, వాల్వు కొత్తది వేయించండి. ఆ ఖర్చు ఒక టైరు ధరలో చిన్న భాగమే.