గరివిడి నల్లరాయి... జర్మనీ పరుగుల కారు!

ఆముదాలవలసలో ప్యాసింజర్ ఎక్కేసరికి ఉదయం ఎనిమిది కావస్తోంది. స్టేషన్ బోర్డు మీద శ్రీకాకుళం రోడ్డు అనే ఉంటుంది కానీ ఇక్కడి జనం నోట ఆ పేరు రాదు. పక్కన మా మేనల్లుడు. డిప్లొమా మెకానికల్ ఆఖరి సంవత్సరం. అందరి సెల్‌ఫోన్ల మీదా దేవుడి బొమ్మో, సినిమా హీరోనో ఉంటే వాడి ఫోన్ మీద కారు ఉంటుంది. మెర్సిడెస్ బెంజ్. అదీ మామూలు బెంజ్ కాదట, ‘ఏఎంజీ ఎ45 ఎస్’ అట.

‘బెంజ్ అంటేనే గొప్ప కారు. దాని మీద మళ్లీ గొప్పదేంట్రా?’ అన్నాను. వాడు నన్ను జాలిగా చూశాడు.

చదువు అవగానే చెన్నై వెళ్లిపోతానంటున్నాడు. కార్ల కంపెనీలన్నీ అటే ఉన్నాయి కాబట్టి. ‘మన దగ్గర ఏముంది మావయ్యా... జీడిపప్పు, కొబ్బరికాయలు తప్ప’ అంటాడు. ఆ మాట విన్నాకే, ఓ ఆదివారం వాణ్ని గరివిడి తీసుకెళ్లాలనిపించింది. మహా అయితే గంటన్నర ప్రయాణం.

దూసి దాటింది. పొందూరు వచ్చింది. ఖద్దరుకి పేరుపడ్డ ఊరు. ఇక్కడి ఆడవాళ్లు పత్తిని శుభ్రం చేయడానికి వాలుగ చేప దవడ ఎముకను దువ్వెనలా వాడతారు. ఆ సన్నటి పళ్లు పట్టిన పట్టు మరే పనిముట్టూ పట్టదంటారు. ఆ మాట చెబితే మావాడు ఫోన్లోంచి తల ఎత్తాడు. ‘ఏఎంజీ వాళ్లూ అంతే మావయ్యా. ఒక ఇంజన్ని ఒక్క మనిషే మొదట్నుంచీ చివరిదాకా బిగిస్తాడు. అయిపోయాక దాని మీద తన సంతకం ఉన్న పలక అతికిస్తాడు’ అన్నాడు.

ఒకే పనస దుంగను తొలిచి ఏకాండీ వీణ చేసే బొబ్బిలి వైపు వాళ్లకి ఈ మాట కొత్తగా ఉండదు. ఆ పలక సంగతి మాత్రం మనవాళ్లకి తట్టినట్టు లేదు.

వాడు చెప్పిన కథ ఇదీ. ఔఫ్రెక్ట్, మెల్కర్ అని ఇద్దరు జర్మన్ ఇంజినీర్లు. 1967లో బుర్గ్‌స్టాల్ అనే ఊళ్లో ఓ పాత మిల్లులో దుకాణం పెట్టారు. వాళ్లిద్దరి పేర్లలో మొదటి అక్షరాలకి ఔఫ్రెక్ట్ పుట్టిన ఊరు గ్రోసాస్పాఖ్‌లోని ‘జి’ చేర్చి ఏఎంజీ అన్నారు. పెద్దమనుషులు వెనక సీట్లో కాళ్లు చాపుకుని వెళ్లే బెంజ్ కారు తీసుకుని దాని ఇంజన్ని 6.8 లీటర్లకి పెంచి, 1971లో బెల్జియంలోని స్పాలో జరిగిన 24 గంటల పందేనికి పంపారు. అంత భారీ కారు తేలికపాటి పందెం కార్ల మధ్య పరిగెత్తి, తన తరగతిలో మొదటిదిగా, మొత్తం మీద రెండోదిగా వచ్చింది. తర్వాత బెంజ్ కంపెనీయే ఏఎంజీని తనలో కలిపేసుకుంది. మరో జర్మన్ కంపెనీ బీఎండబ్ల్యూ 1972లో ఇదే పనికి ఒక విభాగం పెట్టింది. దాని కార్ల మీద ‘ఎం’ అనే అక్షరం కనిపిస్తుంది.

పొయ్యి మీద పరుగు

మరి మామూలు కారుకీ దీనికీ ఏమిటి తేడా? మనకు తెలిసిన అంబాసిడర్‌తో పోల్చుకుందాం. 1489 సీసీ పాత పెట్రోలు ఇంజన్‌కి యాభై గుర్రాల బలం. మావాడి ఫోన్లో ఉన్న 2019 నాటి ఎ45 ఎస్ ఇంజన్ 1991 సీసీ. అంటే దానికంటే మూడోవంతు పెద్దది, అంతే. బలం మాత్రం 421 గుర్రాలు!

మంత్రమేమీ లేదు. బయటికి పోయే పొగతోనే ఓ చిన్న చక్రాన్ని తిప్పి, ఆ చక్రంతో గాలిని ఇంజన్‌లోకి కుక్కుతారు. దాన్నే టర్బో అంటారు. గాలి ఎక్కువైతే పెట్రోలూ ఎక్కువ మండించవచ్చు. మంట పెరిగితే బలం పెరుగుతుంది. కష్టమంతా ఆ తర్వాతే. ఆ మంటలో పుట్టిన వేడిలో మూడోవంతుకి అటూఇటూగా మాత్రమే చక్రాలకి చేరుతుంది. మిగతాదంతా ఇంజన్‌ని కరిగించడానికి చూస్తుంటుంది. అందుకే ఇలాంటి కార్ల ముందు భాగంలో అన్నేసి రేడియేటర్లు, గాలి కంతలు. అవి అందం కోసం కాదు.

అన్నిటికంటే పాపం ఎగ్జాస్ట్ వాల్వుది. మన అరచేతిలో ఇమిడే లోహపు పుట్టగొడుగు అనుకోండి. ఇంజన్ నిమిషానికి 7000 చుట్లు తిరుగుతుంటే అది సెకనుకి 58 సార్లు తెరుచుకుని మూసుకుంటుంది. దాన్ని ఒరుసుకుంటూ పోయే పొగ వేడి వెయ్యి డిగ్రీల దాకా వెళ్తుంది. ఆ వేడికి మామూలు ఇనుము మెత్తబడి సాగిపోతుంది, తుప్పులా పొరలు రాలుతుంది. చాలా ఇంజన్లలో ఈ వాల్వు కాడను బోలుగా చేసి లోపల సోడియం నింపుతారు. 98 డిగ్రీలకే కరిగే ఆ లోహం కుదుపుకి పైకీ కిందికీ కదులుతూ, తల దగ్గరి వేడిని కాడలోకి మోసుకుపోతుంది. మరుగుతున్న పాయసంలో పెట్టిన గరిటె పిడి కాసేపటికి మనకే చురుక్కుమనిపిస్తుంది కదా, ఆ చురుకును కావాలని తెచ్చుకోవడమన్నమాట.

ఇక ఆ వాల్వు లోహం. 21-4ఎన్ అని ఓ రకం ఉక్కు ఉంది. దశాబ్దాలుగా వాల్వుల తయారీలో వాడుతున్నారు. అందులో 21 శాతం క్రోమియం, 4 శాతం నికెల్, సుమారు 9 శాతం మాంగనీసు. మరీ వేడెక్కే చోట నికెల్ పాలు ఎక్కువున్న లోహాలు వాడతారు, అది వేరే సంగతి.

‘మాంగనీసా?’ అన్నాడు మావాడు. అప్పటికి రైలు సిగడాం, చీపురుపల్లి దాటి గరివిడిలో ఆగింది.

కోడూరు పేరున్న రాయి

స్టేషన్ బయట తాటిచెట్లు, జీడితోటలు. రోడ్డు మీద సగం వెడల్పున వడ్లు ఆరబోశారు. 421 గుర్రాల కారైనా ఇక్కడ ఎద్దుబండి వెనకే రావాలి. ఆటో మాట్లాడుకుని పాత గనుల వైపు వెళ్లాం. పచ్చటి నీళ్లు నిండిన లోతైన గోతులు, గట్ల మీద మేకలు, కాళ్ల కింద నల్లటి రాళ్లు. ఒకటి చేతిలోకి తీసుకుంటే పరిమాణానికి మించిన బరువు. వేళ్లకి మసి.

మన దేశంలో మాంగనీసు తవ్వకం మొదలైంది ఈ నేల మీదే. 1892 ప్రాంతంలో కోడూరు దగ్గర తొలి గని తవ్వారు. గర్భాం, దేవాడ, పేరాపి... ఒక్కో ఊరూ ఒక్కో గని పేరు. ఆ ఖనిజం ఓడలెక్కి ఇంగ్లండు చేరేది. అక్కడ వాళ్లకి అంత అవసరమేమొచ్చిందంటే, 1856లో బెస్సెమర్ అనే ఆయన చవగ్గా ఉక్కు చేసే పద్ధతి కనిపెట్టాడు. తీరా చూస్తే చాలామంది చేసిన ఉక్కు సుత్తి దెబ్బకి పగిలిపోయింది. ఇనుములో దాగిన గంధకం, మిగిలిపోయిన ఆక్సిజన్ కారణం. మాంగనీసు ఉన్న ఇనుమును కొంచెం కలిపితే ఆ రెండింటి పనీ అదే పడుతుందని మషెట్ అనే మరో ఆయన చూపించాడు. అప్పట్నుంచి ఉక్కు ఉన్నచోటల్లా మాంగనీసు ఉంది. మన ఇంటి స్లాబులోని ఊచలోనూ ఉంది.

భూగర్భ సర్వే శాఖలో పనిచేసిన లూయిస్ లీ ఫెర్మర్ ఈ ఊళ్లన్నీ తిరిగి, దేశంలోని మాంగనీసు మీద 1909లో ఓ బృహద్గ్రంథం వెలువరించాడు (తర్వాతి కాలంలో యాత్రా రచయితగా పేరు తెచ్చుకున్న పాట్రిక్ లీ ఫెర్మర్ ఈయన కొడుకే). ఇక్కడి వింత రాయికి ఆయన పెట్టిన పేరు ‘కోడురైట్’. ప్రపంచంలో ఎక్కడి భూగర్భ శాస్త్ర విద్యార్థి అయినా మన కోడూరు పేరు పలకాల్సిందే! చీపురుపల్లిలో బస్సు ఎక్కేవాళ్లలో ఎంతమందికి తెలుసో మరి.

అయితే పేరుతో పాటు ఓ తిరకాసూ వచ్చింది. కోడురైట్‌లో గోమేదికం జాతి రాయితో పాటు అపటైట్ అనే ఖనిజం ఉంటుంది. అందులో భాస్వరం. పొలంలో ఎరువుగా వేస్తే బంగారం, ఉక్కులో పడితే శని. ఉక్కును పెళుసుగా మారుస్తుంది. ఇక్కడి ఖనిజంలో మాంగనీసు పాలు తక్కువ, భాస్వరం ఎక్కువ. అందుకే మంచి రకం ఖనిజంతో కలిపి వాడాల్సి వస్తుంది. వాల్వు ఉక్కులో భాస్వరం నూటికి అరవై గ్రాములో డెబ్భై గ్రాములో కాదు, నూరు కిలోల్లో యాభై గ్రాములు దాటినా ఒప్పుకోరు.

కరెంటే కట్టె

ఖనిజాన్ని అలాగే ఉక్కులో వేయరు. ముందు కొలిమిలో కరిగించి ఫెర్రోమాంగనీసు చేయాలి. 1950ల్లో గరివిడిలోని శ్రీరాంనగర్‌లో ఫేకర్ కంపెనీ అలాంటి కర్మాగారం పెట్టింది. తర్వాత ఫెర్రోక్రోమ్ కూడా చేసింది. అంటే వాల్వు ఉక్కుకి కావలసిన రెండు ముఖ్యమైన దినుసులూ ఈ చిన్న ఊళ్లో తయారయ్యాయన్నమాట. విశాఖ ఉక్కు కర్మాగారానికి గర్భాంలో సొంత మాంగనీసు గని ఉంది.

టీ కొట్టు దగ్గర ఓ పెద్దాయన కలిశారు. ఈ చుట్టుపక్కల కొలిమిల్లో పాతికేళ్లు పనిచేశారట. ‘ఏటి బాబూ, గనులు చూడ్డానికొచ్చినారా? గోతులు తప్ప ఇంకేటున్నాయి!’ అని నవ్వారు. కొలిమి సంగతి అడగ్గానే మాత్రం గ్లాసు కింద పెట్టేశారు.

‘కన్నం కొడితే ఎర్రగా ఏరులా వచ్చేసీది. ఆ ఎదర నిలబడితే సంకురాత్రి చలీ తెలీదు, రోహిణి ఎండా తెలీదు. రంగు చూసి చెప్పీసీవోళ్లం... ఇది బాగొచ్చింది, ఇది బాగోలేదని.’

మావాడు తన ఫోన్ తీసి కారు చూపించాడు. ‘ఇందులో మీరు చేసింది ఉండొచ్చు తాతా’ అన్నాడు. ఆయన ఫోన్‌ని దూరంగా పట్టుకుని చూశారు. ‘ఇదెంతుంటాది?’

‘ఎనభై లక్షలు పైనే.’

‘ఓరి బాబో!’ అని తిరిగి ఇచ్చేశారు.

నిజంగా ఉందా అంటే ఎవరూ చెప్పలేరు. లోహం ఒకసారి కరిగాక దానికి ఊరూ పేరూ ఉండవు. ఎక్కడెక్కడి తుక్కుతోనో కలిసి మళ్లీ మళ్లీ కరుగుతుంది. సంతకం పలక ఉండేది చివర బిగించినవాడికే.

ఈ కొలిమిలకి కట్టెలు కరెంటే. టన్ను ఫెర్రోమాంగనీసుకి రెండున్నర, మూడు వేల యూనిట్లు కావాలి. ఫెర్రోక్రోమ్‌కి అంతకంటే ఎక్కువ. యూనిట్‌కి రూపాయి పెరిగితే టన్నుకి మూడు వేలు పెరిగినట్టే. అందుకే ఛార్జీలు పెరిగినప్పుడల్లా ఉత్తరాంధ్రలో ఏదో ఓ కొలిమి ఆరిపోవడం, దాని చుట్టూ ఉన్న ఊళ్లు చిన్నబోవడం మామూలైపోయింది. పెద్దాయన ఇద్దరు కొడుకులూ ఒకరు హైదరాబాద్, ఒకరు చెన్నై. కారు బాడీలకి వెల్డింగ్ చేస్తాడట చిన్నవాడు. మావాడు ఆ అబ్బాయి ఫోన్ నంబర్ రాసుకున్నాడు.

తిరుగు బండి సాయంత్రం గంట ఆలస్యంగా వచ్చింది. గరివిడి చూడాలనుకునే వారికి ఓ మాట: విజయనగరం నుంచి బస్సులున్నాయి, గంట పట్టదు. నీళ్లు నిండిన గోతుల అంచులకి మాత్రం పిల్లల్ని వెళ్లనివ్వకండి.

మేనల్లుడు జూన్‌లో చెన్నై వెళ్లిపోయాడు. రోడ్డు పక్కన ఏరుకొచ్చిన నల్లరాయిని ఇంట్లోనే వదిలేశాడు. వాకిలి తలుపు గాలికి కొట్టుకోకుండా మా అక్క దాన్నే అడ్డం పెడుతోంది.