మాల తీసిన మర్నాడు

గురజాల నుంచి నరసరావుపేట బస్సెక్కితే పిడుగురాళ్ల సున్నపు బట్టీల దుమ్ము కిటికీలోంచి మీదికొస్తుంది. ఆ దుమ్ముతోనే ఒక చిన్న మానసిక వైద్యశాల మెట్లెక్కాను. ఒక గదిలో డాక్టరు గారు, రెండో గదిలో కౌన్సెలింగ్ చేసే అమ్మాయి. బయట బెంచీ మీద తాగేవాళ్లకంటే వాళ్ల ఇల్లాళ్లే ఎక్కువ.

కౌన్సెలింగ్ గదిలో తన పక్కన నన్ను కూర్చోనిచ్చిన మిర్చి రైతుకు యాభై దాటి ఉంటాయి. టీ గ్లాసు రెండు చేతుల్తో పట్టుకున్నా తొణుకుతోంది. నిన్నటినుంచి చుక్క ముట్టలేదట. "తాగుడు నాకో లెక్క కాదమ్మా. అయ్యప్ప మాలేసుకుంటే నలభై ఒక్క రోజులూ మానేసేవాణ్ణి" అన్నాడు.

ఆ అమ్మాయి కాదనలేదు. "మాల తీసిన మర్నాడు ఎవరితో కూర్చునేవారు బాబాయ్?"

ఆయన చాలాసేపు నేలచూపులు చూశాడు. "బావమరిదితో. కాయలమ్మిన డబ్బు జేబులో ఉండేది."

ఎవరితో, ఎప్పుడు, జేబులో ఎంత అని కాగితం మీద రాసుకుంది. ఆ తర్వాత ఆయన్ని డాక్టరు దగ్గరికి పంపింది. ఏళ్ల తరబడి బాగా తాగినవాళ్లు ఉన్నపళంగా మానేస్తే వణుకుతోనే పోదు. ఫిట్స్ రావచ్చు, మతి తప్పి ప్రాణం మీదికి రావచ్చు. ఒట్టు వేయించి గదిలో పెట్టి తాళం వేసే పెద్దలకు ఇది తెలియదు. భర్తకు చెప్పకుండా కూరలో తాగుడు మాన్పించే మాత్ర కలిపే ఇల్లాళ్లకూ తెలియదు.

ఆ అమ్మాయి అడిగినలాంటి మాటలతో పని జరుగుతుందా అని గోవాలో లెక్కగట్టి చూశారు. సైకియాట్రిస్టు అభిజిత్ నాడ్కర్ణి, విక్రమ్ పటేల్ బృందం 10 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో 377 మంది మగవాళ్లను తీసుకుంది. సగం మందితో కాస్త శిక్షణ పొందిన మామూలు మనుషులే, డాక్టర్లు కాదు, నాలుగు సిట్టింగులకు మించకుండా మాట్లాడారు. మూడు నెలలకు ఆ మాటలు విన్న సగంలో 36 శాతం ప్రమాదకరమైన తాగుడు నుంచి బయటపడ్డారు, మిగతా సగంలో 26 శాతం. ఆ అధ్యయనం 2017లో లాన్సెట్ వైద్య పత్రికలో అచ్చయింది.

పది శాతమే కదా అనిపించవచ్చు. నాకు తట్టింది మరొకటి. ఆ గోవా మనుషులు ఇంకా వణికేదాకా రాలేదు. మన మిర్చి రైతు ఆ గీత దాటి వచ్చాడు. ఎప్పుడో జ్వరానికి సూదికని వెళ్లిన ఊరి ఆస్పత్రిలోనే ఎవరైనా ఆ బావమరిది సంగతి అడిగి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదేమో. 2019లో ఎయిమ్స్ దేశవ్యాప్త సర్వే చెప్పింది: మద్యానికి బానిసైనవాళ్లలో 38 మందికి ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోంది.

మీ ఇంట్లో చెయ్యి వణికే మనిషి ఉంటే ఒట్టు వేయించకండి, ముందు డాక్టరుకు చూపించండి. వ్యసన విముక్తి జాతీయ హెల్ప్‌లైన్ 14446, ఫోన్‌కి డబ్బులు పడవు.